మిషన్ మీద ఫెల్ట్ కవర్లు కుట్టాలంటే ఏ ఫెల్ట్ తీసుకోవాలి?

మామూలు గుడ్డతో కవర్ కుట్టడం కంటే ఫెల్ట్‌తో కుట్టడం చాలా తేలిక. పోగులు ఊడవు కాబట్టి అంచు మడిచి కుట్టక్కర్లేదు, అంచును దారంతో చుట్టే ఓవర్‌లాక్ కుట్టు అక్కర్లేదు, చాలావాటికి లైనింగ్ కూడా వేయక్కర్లేదు. పొడవాటి ముక్క ఒకటి కత్తిరించి, మధ్యకు మడిచి, రెండు పక్కలా ఒక్కో కుట్టు వేస్తే లాప్‌టాప్ కవర్ అయిపోయినట్టే. అసలు చిక్కు అంతకు ముందే, ఫెల్ట్ ఎంచుకునే దగ్గరే వస్తుంది. ఫెల్ట్ అన్న ఒక్క పేరు మీద నాలుగైదు వేర్వేరు సరుకులు అమ్ముతారు. చేతికి అన్నీ మెత్తగానే తగులుతాయి. మిషన్ కింద పెట్టాక, వేడి తగిలాక, ఒకసారి నీళ్లలో పడ్డాక గానీ ఏది ఏమిటో తెలియదు.

చాలామంది ముందు రంగు చూస్తారు, ఆ తర్వాత ధర చూస్తారు. నన్నడిగితే ముందు మందం చూడాలి, తర్వాత ఉన్ని ఎంత శాతమో చూడాలి, రంగు సంగతి ఆఖరున. ఈ వరుస తప్పితే ఎంత బాగా కుట్టినా కవర్ వాడుకకు రాదు.

ముందు మందం లెక్క

ఫెల్ట్ షీట్లు 1 మి.మీ. నుంచి 5 మి.మీ. దాకా, కొన్నిచోట్ల ఇంకా మందంగా కూడా దొరుకుతాయి. మందమైతే గట్టిగా ఉంటుంది, వస్తువుకు రక్షణ ఎక్కువ అనిపిస్తుంది. కానీ కవర్ అంటే కనీసం రెండు పొరలు. ఫ్లాప్ (పైన మూసే మూత) గానీ జేబు గానీ పెడితే ఆ చోట మూడు పొరలవుతాయి, మడతపడే చోట నాలుగు. చాలా ఇంటి మిషన్లలో గుడ్డను నొక్కిపట్టే ఫుట్‌ను మామూలుగా ఎత్తితే కింద వచ్చే సందు 5, 6 మి.మీ. మాత్రమే. మీటను ఇంకాస్త పైకి నొక్కి పట్టుకుంటే మరికొంచెం లేస్తుంది. అంటే 3 మి.మీ. ఫెల్ట్ రెండు పొరలు వేస్తేనే మిషన్ అంచుకు వచ్చేసినట్టు, మూడో పొరకు చోటే లేదు. 5 మి.మీ. ఫెల్ట్‌ను ఇంటి మిషన్ మీద కుట్టాలన్న ఆలోచన వదిలేసుకోండి, అది చేతికుట్టుకో పెద్ద మిషన్లకో తగిన సరుకు.

ఒక మినహాయింపు ఉంది. మెత్తటి ఫెల్ట్ ఫుట్ కింద అణుగుతుంది, బాగా ఒత్తిన గట్టి ఉన్ని ఫెల్ట్ అణగదు. కాబట్టి షీట్ మీద 3 మి.మీ. అని రాసి ఉన్నా రెండూ ఒకలా నడవవు. కొనేముందు రెండు పొరలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి చూడండి, సగానికి అణిగితే మీ మిషన్ కింద పడుతుంది. రాయిలా నిలబడితే ఒక చిన్న ముక్క తెచ్చుకుని కుట్టి చూశాకే మిగతాది కొనండి.

రెండోది ఉన్ని శాతం. ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని విడిపోకుండా పట్టుకుంటాయి, ఉన్ని ఫెల్ట్ తయారయ్యేది అలాగే. పాలియెస్టర్, అక్రిలిక్ పోగులకు పొలుసులు లేవు, అందుకే ముళ్లున్న సూదులతో వేలసార్లు పొడిచి వాటిని ఒకదాంట్లో ఒకటి ఇరికిస్తారు. తయారీలో ఉన్న ఈ తేడా వాడకంలో కనిపిస్తుంది. రోజూ చేయి తగిలే కవర్ అయితే సింథటిక్ ఫెల్ట్ పైపోగులు లేచి ఉండలు కడతాయి, మంచి ఉన్ని ఫెల్ట్ మాత్రం చాలాకాలం నున్నగా ఉంటుంది.

లేబుల్ లేకపోతే కాల్చి చూడటం పాత పద్ధతి. చిన్న పీచు ముక్కను పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్లెం పెట్టుకుని, అంటించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే దానంతటదే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య పొడవుతుంది. సింథటిక్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా అవుతుంది. వెంట్రుకల వాసనతో పాటు కాగితం కాలిన వాసన కూడా వస్తే అందులో రేయాన్ (కలప గుజ్జుతో చేసే పోగు) కలిసిందన్నమాట.

ఇక మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. లోపల పెట్టేది వేడి వస్తువా? ఉతకాల్సి వస్తుందా? గీతలు పడకుండా ఉంటే చాలా, ఆకారం కూడా నిలవాలా? ఈ మూడింటికీ జవాబు మీ దగ్గర ఉంటే కింది పట్టికలో సగం వరుసలు వాటంతటవే కొట్టేసుకుపోతాయి.

| రకం | మామూలుగా ఉండే మందం | మిషన్ మీద నడక | వేడి | ఉతకడం | బాగా నప్పే కవర్లు |
|---|---|---|---|---|---|
| ఒత్తిన ఉన్ని ఫెల్ట్ (100%) | 1–5 మి.మీ. | 2 మి.మీ. దాకా హాయిగా, 3 మి.మీ. జాగ్రత్తగా | బాగా తట్టుకుంటుంది | చన్నీళ్లలో చేత్తో, వీలైతే వద్దు | లాప్‌టాప్, టాబ్లెట్, కళ్లజోడు, కెటిల్ |
| ఉన్ని, రేయాన్ మిశ్రమం | సుమారు 1 మి.మీ. | చాలా తేలిక | పర్వాలేదు | చన్నీళ్లలో చేత్తో | పుస్తకం, డైరీ, సూదుల పొత్తం |
| పాలియెస్టర్, అక్రిలిక్ ఫెల్ట్ | 1–3 మి.మీ. | తేలిక | ఇస్త్రీకి, ఆవిరికి దూరం | ఉతకొచ్చు, ఉండలు కడుతుంది | పిల్లల వస్తువులు, నమూనా కవర్లు |
| ఉతికి ఫెల్ట్ చేసిన స్వెటర్ | పోగును బట్టి 2–5 మి.మీ. | సాగుతుంది, ఓపిక కావాలి | బాగా తట్టుకుంటుంది | చన్నీళ్లలో చేత్తో | వేడినీళ్ల సంచి, కెటిల్, దిండు |
| సూదిపోటు మిషన్‌తో చేసిన ఫెల్ట్ | అడుగు గుడ్డను బట్టి | రెండు మిషన్ల పని | వాడిన ఉన్నిని బట్టి | వద్దు | పైన డిజైన్ కావాల్సినవి |

ఒత్తిన ఉన్ని ఫెల్ట్

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే, అందులోనూ 2 మి.మీ. మందం. రెండు పొరలు ఫుట్ కింద ఇబ్బంది లేకుండా పడతాయి, కవర్ తనంతట తాను నిలబడేంత గట్టిగా ఉంటుంది, కత్తిరించిన అంచు చూడటానికి బాగుంటుంది. దీనికి నేసిన గుడ్డలాగా నిలువు పోగు, అడ్డపోగు లేవు కాబట్టి ముక్కలను ఎటు తిప్పి కత్తిరించినా నడుస్తుంది, గుడ్డ వృథా తక్కువ.

లోపాలు లేకపోలేదు. ఇది సాగదు, అందుకే కొలత సరిగ్గా ఉండాలి. ముదురు ఎరుపు, నీలం, నలుపు రంగులు తడిస్తే దిగే అవకాశం ఉంది, లేత రంగు పుస్తకానికో సంచికో వాడేముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూసుకోండి. అన్నట్టు, ఉన్ని గాల్లోని తేమను బాగా పీల్చుకుంటుంది గానీ వాన నీటిని ఆపదు. చినుకులు పడితే కాసేపు లోపలికి దిగవు, అంతే. ఫోన్ చేయిజారి పడితే ఫెల్ట్ కాపాడుతుందని కూడా నమ్మకండి. గీతలు, చిన్న తాకిళ్ల వరకే దాని పని.

ఇంకో సంగతి, ఉన్ని తినే చిమ్మట పురుగులు. రోజూ వాడే కవర్‌కు ఆ టెన్షన్ లేదు. ఏడాదికోసారి తీసి వాడే వస్తువుకు కుడితే మాత్రం మూసిన సంచిలో భద్రపరచాలి.

ఉన్ని, రేయాన్ మిశ్రమం

చేతిపనుల వాళ్లు ఎక్కువగా వాడేది ఇదే. ఉన్ని పాలు 20 నుంచి 40 శాతం దాకా ఉంటుంది, మిగతాది రేయాన్. రంగులు బోలెడు, మెత్తగా ఉంటుంది, మామూలు 80 నంబరు సూదితో కూడా కుట్టుకోవచ్చు. పుస్తకం అట్టకు తొడిగే కవర్‌కు దీనికి సాటి లేదు, ఎందుకంటే అక్కడ మందమే శత్రువు. అట్ట అంచు దగ్గర ఫెల్ట్ లోపలికి మడతపడి రెండు పొరలవుతుంది. 3 మి.మీ. ఫెల్ట్ అయితే ఒక్కో అట్టకు 6 మి.మీ. చేరి పుస్తకం సరిగ్గా మూసుకోదు. 1 మి.మీ. అయితే తెలియను కూడా తెలియదు.

లాప్‌టాప్‌కు ఇదొక్కటే వాడితే పలచనైపోతుంది. రెండు పొరలు కలిపి వాడొచ్చు గానీ, ఆ శ్రమకు 2 మి.మీ. ఉన్ని ఫెల్టే తెచ్చుకోవడం నయం.

పాలియెస్టర్, అక్రిలిక్

చవక, ఎక్కడైనా దొరుకుతుంది, పురుగు పట్టదు. కొన్నింటిని వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన పోగుతో చేస్తారు. కుట్టు నేర్చుకునే పిల్లలకు, నమూనా కుట్టి కొలత సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. ఖరీదైన ఉన్ని ఫెల్ట్‌కు కత్తెర పెట్టేముందు అదే మందం సింథటిక్‌లో ఒకటి కుట్టి, వస్తువు తొడిగి చూసుకోవడం మంచి అలవాటు.

వేడి విషయంలో మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. పాలియెస్టర్ కరిగేది 250 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త పైన, కాబట్టి మరిగే నీళ్ల వేడికి కరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. కానీ కరగకపోయినా మెత్తబడుతుంది. ఆవిరి, వేడి కలిసి పదేపదే తగిలితే సాగి వేలాడుతుంది, పడ్డ ముడత అలాగే ఉండిపోతుంది. అక్రిలిక్‌కు వేడి ఆవిరి తగిలితే ఇంకా త్వరగా బిగువు పోతుంది. పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన పాత్ర అడుగు 100 డిగ్రీల కంటే చాలా వేడిగా ఉండొచ్చు, అలాంటి దాని దగ్గరకు సింథటిక్ ఫెల్ట్‌ను అసలు రానివ్వకండి. ఇస్త్రీ చేయాల్సి వస్తే అతి తక్కువ వేడి, పైన పొడిగుడ్డ.

కొనేటప్పుడు ఇంకొక్కటి చూడండి. ఈ రకం చాలాసార్లు ఒక వైపుకు ఎక్కువ సాగుతుంది. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగి, సాగని వైపు కవర్ మూతి వెంబడి వచ్చేలా కత్తిరించండి. లేకపోతే నెల తిరిగేసరికి మూతి వదులై వస్తువు జారిపోతుంది.

పాత స్వెటర్‌ను ఫెల్ట్ చేసుకోవడం

వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది ఇది, ఎందుకంటే పడేయబోయే వస్తువు పనికొస్తుంది, వచ్చే గుడ్డకు కొన్న షీట్‌కు లేని మెత్తదనం ఉంటుంది. అయితే ఫలితం ఎలా ఉంటుందో ముందే చెప్పలేం. ఒకే రోజు ఒకే నీళ్లలో వేసిన రెండు స్వెటర్లలో ఒకటి బాగా మందంగా రావచ్చు, రెండోది పలచగానే ఉండిపోవచ్చు. ఆ అనిశ్చితి భరించలేని వాళ్లు పైన చెప్పిన షీట్లలో ఒకటి తీసుకోవడమే మంచిది.

లేబుల్ చదవడంతో సగం పని అయిపోతుంది. 100% ఉన్ని, మెరినో, లాంబ్స్‌వుల్, కాష్మీర్, మొహేర్ అని ఉంటే పనికొస్తుంది. నైలాన్ కొద్దిగా కలిసినా ఫర్వాలేదు, అయిదో వంతు దాటితే అనుమానమే. సూపర్‌వాష్ అనో, మిషన్‌లో ఉతకొచ్చు అనో ఉంటే పక్కన పెట్టేయండి. ఆ ఉన్ని పొలుసులను ముందే అణిచేసి ఉంటారు, ఎన్నిసార్లు వేడినీళ్లలో తిప్పినా చిక్కుకోవు. అక్రిలిక్, నూలు స్వెటర్ల సంగతి చెప్పక్కర్లేదు.

ముందు అతుకుల కుట్లు విప్పి ముందు భాగం, వెనక భాగం, చేతులు విడివిడిగా పరుచుకోండి. అతుకులతోనే ఉతికితే ఆ గీత వెంబడి కుచ్చులు పడి సగం గుడ్డ వృథా అవుతుంది. ముక్కలను దిండు గలీబులో వేసి మూతి కట్టేయండి, లేకపోతే ఊడిన బొచ్చంతా వాషింగ్ మిషన్ ఫిల్టర్‌లో చేరుతుంది. 60 డిగ్రీల వేడి, కొద్దిగా సబ్బు చాలు, నురగ ఎక్కువైతే రాపిడి తగ్గుతుంది. తోడుగా రెండు పాత జీన్స్ ప్యాంట్లు వేస్తే అవి కొడుతూ రుద్దుతాయి. తువ్వాళ్లు వేయొద్దు, వాటి నూగు ఉన్నిలో ఇరుక్కుని ఇక రాదు. పైనుంచి మూత తీసే మిషన్ అయితే మధ్యలో ఆపి చూసుకోవచ్చు, ముందు తలుపున్న మిషన్‌లో ఆ వీలు తక్కువ కాబట్టి చిన్న సైకిల్ పెట్టి, చాలకపోతే మళ్లీ వేయండి.

అయిందో లేదో తెలుసుకోవడానికి ఒక మూలన చిన్నగా కత్తిరించి ఆ అంచును లాగండి. అల్లిక ముడి విడిపోతే ఇంకా కాలేదు. అల్లిక గీతలు కనిపించకుండా, కత్తిరించిన అంచు కదలకుండా ఉంటే అయినట్టే. గట్టి స్పిన్‌లో వదిలేయకండి, అప్పుడు పడ్డ ముడతలు ఫెల్ట్‌లో శాశ్వతంగా ఉండిపోతాయి. చేత్తో నొక్కి నీరు తీసి, చదరంగా లాగి, నేల మీద పరిచి ఆరబెట్టండి. ఇది నిలువుకూ అడ్డానికీ ఒకేలా కుదించుకుపోదు, అందుకే కొలతలు, కత్తిరింపు అన్నీ ఆరాకే.

కుట్టేటప్పుడు దీని సాగుడే సమస్య. మామూలు ఫుట్‌తో కుడితే అతుకు అలల్లా లేస్తుంది. ఫుట్ ఒత్తిడి తగ్గించండి, పై పొరను కూడా లాగే వాకింగ్ ఫుట్ ఉంటే పెట్టండి, నేరు కుట్టు బదులు చాలా సన్నటి జిగ్‌జాగ్, వెడల్పు 1 మి.మీ. లోపు, పొడవు 3 మి.మీ., వేయండి. కవర్ మూతికి లోపలి వైపు రిబ్బన్ గానీ నూలు టేపు గానీ కుడితే సాగిపోదు. స్వెటర్ అడుగు పట్టీని అలాగే కవర్ మూతిగా వాడుకోవచ్చు, వేడినీళ్ల సంచికి అది భలే అమరుతుంది, బిగుతుగా పట్టుకుంటుంది, కావాలంటే సాగుతుంది.

ఇంత పని వద్దనుకుంటే ఇదే తరహా గుడ్డ, అల్లి ఆ తర్వాత వేడినీళ్లలో కుదించినది, బాయిల్డ్ వుల్ అన్న పేరుతో మీటర్ల లెక్కన అమ్ముతారు. కుట్టే పద్ధతి ఇదే, మందం మాత్రం అంతటా ఒకేలా ఉంటుంది.

సూదిపోటు మిషన్

చూడటానికి కుట్టు మిషన్‌లానే ఉంటుంది గానీ దారం లేదు, బాబిన్ లేదు. ఒకే గుత్తిలో 5, 7, 12 ఇలా ముళ్ల సూదులుంటాయి, అవి పైన పరిచిన ఉన్నిని అడుగు గుడ్డలోకి పొడిచి ఇరికిస్తాయి. ఎంబెల్లిషర్ అని పిలిచేది దీన్నే. మామూలు మిషన్‌కు తగిలించుకునే కిట్లు కూడా ఉన్నాయి, బాబిన్ భాగాలు తీసి, సూది కింది ప్లేటు మార్చి పెట్టుకోవాలి, పని అయ్యాక లోపల చేరిన బొచ్చంతా తుడవాలి.

కవర్లు కుట్టడానికే దీన్ని కొనాలనుకునేవాళ్లకు నా సలహా, వద్దు. ఇది అతుకు వేసే మిషన్ కాదు, బరువు పడే పక్క అంచులను దీనితో కలిపితే కొన్నాళ్లకు విడిపోతాయి. గుడ్డను గబుక్కున లాగినా, గుండుసూది తగిలినా ఆ సూదులు పుటుక్కున విరుగుతాయి. కవర్ మీద పువ్వో, ఆకులో, రంగుల మేళవింపో రావాలంటే మాత్రం ఇది చేసే పని వేరేదేదీ చేయలేదు. అప్పుడు కూడా వరుస ముఖ్యం: పెద్ద ముక్క మీద ముందు డిజైన్ పొడిపించి, గుడ్డ కాస్త కుదించుకుపోతుంది కాబట్టి ఆ తర్వాతే కొలిచి కత్తిరించి, చివర్లో మామూలు మిషన్ మీద కుట్టాలి. ఒకటి రెండు కవర్ల కోసమైతే చేతితో పొడిచే ఫెల్టింగ్ సూది, కింద స్పాంజి ముక్క చాలు. టైమ్ పడుతుంది, అంతే.

కొలతలో ఎంత వదలాలి

ఫెల్ట్ కవర్‌కు అతుకు బయటికే కనిపించేలా కుట్టడం మేలు, తిరగేస్తే మూలలు ఉబ్బుతాయి. 32 సెం.మీ. వెడల్పు, 22 సెం.మీ. ఎత్తు, 1.5 సెం.మీ. మందం ఉన్న లాప్‌టాప్‌కు అడుగున మడతపడే ఒకే పొడవాటి ముక్క అనుకుందాం. వెడల్పుకు వస్తువు మందం కలపాలి: 32 + 1.5 = 33.5. రెండు పక్కలా అంచు నుంచి అర సెంటీమీటర్ లోపలికి కుట్టు, కాబట్టి ఇంకో 1 సెం.మీ. ఫెల్ట్ మందానికి 2, 3 మి.మీ. వదలండి. మొత్తం దాదాపు 34.8, అంటే 35 సెం.మీ. పొడవు: 22 రెండుసార్లు, మధ్యలో మందం 1.5, మూతి దగ్గర రెండు వైపులా ఒక్కో సెంటీమీటర్, కలిపి 47.5 సెం.మీ. స్వెటర్ ఫెల్ట్ అయితే వెడల్పులో అర నుంచి ఒక సెంటీమీటర్ తగ్గించండి, సాగి పట్టుకుంటుంది. సింథటిక్ అయితే 35 కంటే కాస్త తక్కువే వేయండి, వాడేకొద్దీ వదులవుతుంది.

మిషన్ సెట్టింగులు, రకాన్ని బట్టి

1 మి.మీ. కు 80 సూది, 2 మి.మీ. రెండు పొరలకు 90, 3 మి.మీ. కు జీన్స్ సూది 100. ఆ నంబరు సూది కాండం మందమే, 90 అంటే 0.9 మి.మీ. స్వెటర్ ఫెల్ట్‌కు స్ట్రెచ్ సూది 90 అయితే కుట్లు మధ్యలో తప్పిపోవు.

కుట్టు పొడవు 3 మి.మీ. కంటే తగ్గించకండి, 3.5 ఇంకా బాగుంటుంది. ఫెల్ట్‌లో నేత లేదు, సూది పడ్డ ప్రతి చోటా రంధ్రం మిగులుతుంది. దగ్గర దగ్గరగా పొడిస్తే తపాలా బిళ్ల అంచులాగా ఆ గీత వెంబడే చిరుగుతుంది. విప్పి మళ్లీ కుట్టడం కూడా ఇందుకే మంచిది కాదు, కొత్త కుట్టు పక్కన పాత రంధ్రాలు కనిపిస్తూనే ఉంటాయి. పైదారం టెన్షన్ ఒక అంకె తగ్గించి, పారేసే ముక్క మీద చూసుకోండి, దారం ఫెల్ట్‌ను కోస్తున్నట్టు లోపలికి దిగిపోతుంటే ఇంకొంచెం తగ్గించండి.

కింది పళ్లు అడుగు పొరను లాగుతుంటే పై పొర వెనకబడుతుంది, మూల దగ్గరకు వచ్చేసరికి 3, 4 మి.మీ. తేడా తేలుతుంది. గుండుసూదుల బదులు క్లిప్పులు దగ్గర దగ్గరగా పెట్టండి. అంచు చక్కగా రావాలంటే ఇంకో కిటుకు ఉంది. ముక్కను రెండు పక్కలా 4 మి.మీ. ఎక్కువ కత్తిరించి, ముందు కుట్టేసి, ఆ తర్వాత స్టీలు స్కేలు పెట్టి గుండ్రటి బ్లేడుండే రోటరీ కట్టర్‌తో రెండు పొరలూ ఒకేసారి కోయండి. కత్తెరతో 3 మి.మీ. ఫెల్ట్ కోస్తే అంచు వాలుగా వస్తుంది, ఇలా కోస్తే నిటారుగా, రెండూ ఒకే ముక్క అన్నట్టు ఉంటుంది. గుర్తులు పెట్టడానికి అరిగిన సబ్బు ముక్క చాలు. పెన్ను ఫెల్ట్‌లోకి దిగితే రాదు.

మూతి దగ్గర మూడు నాలుగు కుట్లు వెనక్కి వేయండి, లాగుడంతా అక్కడే. మిగతా చివర్లలో వెనక్కి కుట్టకుండా దారాలను రెండు పొరల మధ్యకు లాగి ముడివేస్తే చూడటానికి బాగుంటుంది. ఫ్లాప్ కలిసే మందమైన చోట పెడల్ తొక్కకుండా చక్రం చేత్తో తిప్పండి, ఫుట్ ముందుకు వంగిపోతే దాని వెనక వైపు అదే మందం ఫెల్ట్ ముక్క ఒకటి పెట్టి సమం చేయండి.

ఎవరికి ఏది

మొదటిసారి కుట్టేవాళ్లు పుస్తకం కవర్‌తో మొదలుపెట్టండి, మిశ్రమం ఫెల్ట్ తీసుకుని. 14 × 21 సెం.మీ. అట్ట, 2 సెం.మీ. వెన్ను ఉన్న పుస్తకానికి దాదాపు 43 × 22 సెం.మీ. ముక్క సరిపోతుంది, రెండు చివర్లా 6 సెం.మీ. చొప్పున లోపలికి మడవండి. రెండే నేరు కుట్లు, పైనొకటి కిందొకటి.

లాప్‌టాప్, టాబ్లెట్ కోసం చూస్తున్నవాళ్లకు 2 మి.మీ. ఒత్తిన ఉన్ని. మిషన్ బలమైనదైతే 3, కానీ అప్పుడు ఫ్లాప్, జేబు వద్దు. మూతికి ఎలాస్టిక్ చుట్టు చాలు. గుండీ పెట్టాలనుకుంటే ఫెల్ట్‌కు మిషన్ కాజా అక్కర్లేదు, బ్లేడుతో సన్నగా చీల్చి చుట్టూ ఒక వరుస కుడితే సరిపోతుంది. టిచ్ బటన్ పెడితే వెనకాల చిన్న ఫెల్ట్ ముక్క వేయాలి, లేకపోతే లాగినప్పుడల్లా చోటు వదులవుతుంది.

కెటిల్‌కు, వేడినీళ్ల సంచికి స్వెటర్ ఫెల్ట్, లేదా 3 మి.మీ. ఉన్ని. ఇక్కడ మందం కావాల్సిందే, పొరలు ఎలాగూ రెండే.

పిల్లల పెన్సిళ్ల సంచి, బొమ్మల కవర్ల లాంటివి మాటిమాటికీ ఉతకాలి కాబట్టి పాలియెస్టర్. ఆరు నెలలకు ఉండలు కట్టినా బాధపడక్కర్లేదు, ఎలాగూ ఈలోపు ఆ బొమ్మ మీద మోజు తీరిపోతుంది.

కుట్టు మిషన్‌కే కవర్ కుట్టుకోవాలనుకునేవాళ్లు కొందరుంటారు. దానికి ఫెల్ట్ అంత మంచిది కాదు, పెద్ద ముక్కలు బరువుకు సాగుతాయి, దుమ్మంతా పట్టి ఉంచుతుంది, ఆ దుమ్ము ఉతికి వదిలించుకుందామంటే ఉన్ని ఒప్పుకోదు. నూలు కాన్వాస్‌తో కుట్టి, పై భాగం వరకు ఫెల్ట్ వేసుకోండి.

ఇక ఏ రకం కుట్టినా, పని అయ్యాక సూది ప్లేటు తీసి బాబిన్ చుట్టూ, పళ్ల మధ్య బ్రష్‌తో తుడవండి. రెండు మూడు కవర్లు కుట్టేసరికి అక్కడ గట్టి నూగు పొర పేరుకుంటుంది. ఊదొద్దు, ఇంకా లోపలికి పోతుంది. స్వెటర్ ఫెల్ట్ కుట్టిన రోజైతే మధ్యలోనే ఒకసారి ఆపి తుడుచుకోవాలి, కుట్టు తప్పడానికి చాలాసార్లు సూది కంటే ఆ నూగే కారణం.